కొండమీద పాత విమానం ఉందంటున్నారు, ఎవరికి చెప్పాలి?

సియాంగ్‌సివిల్

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. రెండేళ్ళుగా అరుణాచల్‌లో, అప్పర్ సియాంగ్ వైపు రోడ్లు, వంతెనల పని మీద ఉంటున్నాను. ఇక్కడి ఊరి పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

పోయిన వారం వాన పట్టుకుని పని ఆగింది. మా సైట్లో చేసే, ఇక్కడి ఆది తెగ కుర్రాడొకడు వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నాడు. వెదురు ఇల్లు, కర్రల మీద ఎత్తుగా కట్టుకుంటారు, కింద పందులు తిరుగుతుంటాయి. ఆ పందులకి కుడితి పోసే తొట్టి చూసి ఆగిపోయాను. రేకు వంచి చేసిందే, కానీ ఇంటి కప్పుకి వేసే రేకు కాదు. అంచు పొడవునా దగ్గర దగ్గరగా రివెట్ల చిల్లులు, ఎక్కడా తుప్పు చుక్క లేదు. ఒక పక్క బురద బొటనవేలితో తుడిస్తే వరసగా అచ్చు అక్షరాలు కనిపించాయి, సగం చెరిగిపోయి ఉన్నాయి. అల్‌క్లాడ్ అని, పక్కన 24ఎస్-టి అని.

కుర్రాడి తాత చెప్పిందేంటంటే, ఆయన వయసులో ఉన్నప్పుడు వేటకి పోయి అది కొండమీంచి మోసుకొచ్చాడట. ఊరి నుంచి రెండు రోజుల నడక. ఇంకా చాలా ఉంది అక్కడ, ఇంజిన్లు ఎవరూ కదపలేకపోయారు అన్నాడు. ఎముకలు కూడా చూశారట, ఆకులు కప్పి వచ్చేశారట, ఆ తర్వాత అటు వేటకి పోవడం మానేశారు. ఇదంతా కుర్రాడు హిందీలోకి మార్చి చెప్తుంటే నేను విన్నది, కాబట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. వచ్చేటప్పుడు తాత చూరులోంచి ఒక చిన్న లోహపు బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది, నాలుగు మూలలా చిల్లులు, మీద అంకెలు కొట్టి ఉన్నాయి. అది ఇప్పుడు నా బ్యాగులో ఉంది.

ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటిదేనా? ఎవరికి చెప్పాలి, పోలీసులకా, ఆర్మీకా, అమెరికా వాళ్ళకా? చెప్తే ఊరివాళ్ళకి ఏమైనా ఇబ్బందా, రేకు ఎందుకు తీశారని కేసులు గట్రా పెడతారా అని టెన్షన్. ఎనభై ఏళ్ళు దాటాక ఎముకలు చూసి మనిషి పేరు చెప్పడం నిజంగా అయ్యే పనేనా, లేక పేపర్లో వేసుకోవడానికేనా? కుర్రాడు చలికాలంలో నన్ను పైకి తీసుకెళ్తా అంటున్నాడు. వెళ్ళమంటారా?

మాజీ ఫిట్టర్

సివిల్ గారూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను, అందులో నాలుగేళ్ళు జోర్హాట్. మీరు రాసిన ఆ అక్షరాలు చదవగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

అల్‌క్లాడ్ అంటే లోపల గట్టి అల్యూమినియం మిశ్రమం, పైన రెండు పక్కలా శుద్ధ అల్యూమినియం పల్చటి పొర. ఆ పొర వల్లే మీ తొట్టికి తుప్పు లేదు, కుడితి పోసినా ఏం కాదు. 24ఎస్-టి అనేది యుద్ధకాలంలో అమెరికా వాళ్ళు ఆ మిశ్రమానికి పెట్టుకున్న పేరు, తర్వాత పేర్లు మార్చి 2024 అన్నారు, మేము పని నేర్చుకునే నాటికి ఆ కొత్త పేరే. కాబట్టి ఆ రేకు అమెరికాలో తయారైన పాత విమానానిది, అంతవరకు గట్టిగా చెప్పొచ్చు. కానీ అమెరికా విమానం అంటే అందులో అమెరికా మనుషులే ఉన్నారని కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే.

1942లో జపాన్ వాళ్ళు బర్మా పట్టుకుని చైనాకి ఉన్న రోడ్డు దారి తెగ్గొట్టాక, అస్సాంలో చబువా, మోహన్‌బారీ, డింజన్, జోర్హాట్ లాంటి చోట్ల నుంచి చైనాలోని కున్‌మింగ్‌కి సరుకంతా గాల్లోనే మోశారు. హిమాలయాల తూర్పు కొస మీదుగా పోవాలి, ఆ దారినే హంప్ అనేవారు, మూపురం అన్నమాట. యుద్ధం అయ్యేలోపు ఆరున్నర లక్షల టన్నులు అలా మోశారు, దాదాపు 600 విమానాలు పోయాయి. శత్రువు కాల్పులకంటే మంచు, గాలి, దారి తప్పడం, పెట్రోలు అయిపోవడం, వీటికి పోయినవే ఎక్కువ. ఇండియా నేల మీద ఇంకా ఆచూకీ లేని అమెరికా వాళ్ళు సుమారు 400 మంది ఉంటారని లెక్క, అందులో ఎక్కువమంది మీరున్న చుట్టుపక్కలే.

అయితే అదే దారిలో చైనా నేషనల్ ఏవియేషన్ విమానాలు కూడా తిరిగాయి. బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ డకోటాలు, అంటే రెండు ఇంజిన్ల సరుకు విమానాలు, తిరిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ప్రాంతాన్ని నేఫా అనేవారు, అప్పుడు మన ఎయిర్‌ఫోర్స్ డకోటాలు, కళింగ ఎయిర్‌లైన్స్ డకోటాలు కొండల్లో బియ్యం, ఉప్పు బస్తాలు జారవిడిచేవి, వాటిలోనూ కొన్ని తిరిగి రాలేదు. ఇవన్నీ ఒకే రేకుతో చేసినవే. కాబట్టి తొట్టి చూసి దేశం చెప్పలేం.

చెప్పేది ఇంజిన్. సిలిండర్లు పువ్వు రేకుల్లా చుట్టూ ఉంటాయి, రెండు వరసలు. మొత్తం 14 ఉంటే డకోటా గానీ, బి-24 బాంబర్ గానీ, దాన్నే సరుకు మోయడానికి మార్చిన సి-87 గానీ అయ్యుండాలి. 18 ఉంటే సి-46 కమాండో అనే సరుకు విమానం. డకోటాకి, కమాండోకి ఇంజిన్లు రెండేసి, బి-24కి నాలుగు. ఇంజిన్ మీద నంబరు బిళ్ళ ఉంటుంది. అమెరికా వాళ్ళు 1943 నుంచి తిరిగి రాని విమానాలకి ఒక్కోదానికి ఒక రిపోర్టు రాసుకున్నారు, అందులో సిబ్బంది పేర్లతో పాటు ఇంజిన్ నంబర్లు, మెషిన్‌గన్ల నంబర్లు కూడా ఉంటాయి. ఒక్క నంబరు కలిసిందంటే ఆ రోజు అందులో ఎక్కినవాళ్ళ పేర్లన్నీ బయటికొస్తాయి. మీ బ్యాగులో ఉన్న బిళ్ళ అలాంటిదే కావచ్చు, రేడియోదో పంపుదో కూడా కావచ్చు. ఫొటో తీసి పెట్టండి, తోమొద్దు, చింతపండు అసలు రాయొద్దు!

అన్నిటికంటే ముందు, ఆ బిళ్ళ ఎక్కడ పడి ఉంది, రెక్క దగ్గరా, ఇంజిన్ దగ్గరా, ఎముకల దగ్గరా అని తాతని అడిగి ఇవాళే రాసిపెట్టుకోండి. ఆయన వయసు చూసుకోండి.

పైకి వెళ్ళడం మాత్రం మానేయండి. ఆ అడవి సంగతి నాకు తెలుసు. 2019 జూన్‌లో జోర్హాట్ నుంచి మెచుకా వెళ్తూ మన ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32 పోయింది, పదమూడు మంది. హెలికాప్టర్లు, శాటిలైట్లు అన్నీ పెట్టి వెతికితే శకలాలు కనబడటానికే ఎనిమిది రోజులు పట్టింది.

సూటిగా

ఎవరూ ఏమీ అనుకోకండి, నాకు ఇదంతా డబ్బున్న దేశం వాళ్ళ సరదాలా అనిపిస్తుంది. ఎనభై ఏళ్ళ కింద పోయిన మనిషి, కన్నవాళ్ళు లేరు, తోబుట్టువులూ లేరు. నాలుగు ఎముక ముక్కల కోసం కోట్లు తగలేసి ఎవరిని ఓదారుస్తారు? మన దగ్గర బతికున్న జవాన్ల పెన్షన్ ఫైళ్ళకే దిక్కులేదు.

కమింగ్ బాబాయ్

సూటిగా గారు, నేనూ మీలాగే అనుకునేవాణ్ణి. జార్జియాలో ఉంటాను, అట్లాంటాకి ఉత్తరాన. సివిల్ తమ్ముడు రాసిన అప్పర్ సియాంగ్‌కీ మా రాష్ట్రానికీ ఒక లంకె ఉంది కాబట్టి చెప్తాను.

1944 జనవరి 25న కున్‌మింగ్ నుంచి చబువాకి ఒక బి-24 బయల్దేరింది. దానికి సిబ్బంది పెట్టుకున్న ముద్దుపేరు ‘హాట్ యాజ్ హెల్’. ఎనిమిది మంది. చబువా దగ్గర మబ్బు కమ్మేసి ఏమీ కనబడలేదు, విమానం మళ్ళీ పలకలేదు. అరవై రెండేళ్ళు అంతే. 2006లో ఆరిజోనా నుంచి క్లేటన్ కూల్స్ అనే పర్వతారోహకుడు, ఎవరూ పంపకపోయినా, ఊరూరా వేటగాళ్ళని అడుక్కుంటూ వెళ్ళి, దామ్రో అనే ఊరి పైన కొండల్లో దాన్ని కనిపెట్టాడు. చూశారా, అక్కడా తెలిసింది వేటకి పోయేవాళ్ళకే, తెలుసుకున్నది అడిగినవాడే.

దొరికిందనగానే అయిపోలేదు. సరిహద్దు ప్రాంతం, అనుమతులు, రాజకీయాలు. అమెరికా బృందం ఒకసారి వెళ్ళొచ్చాక ఏళ్ళ తరబడి పని నిలిచిపోయింది. 2015లో మళ్ళీ మొదలై, 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి అస్థికలు విమానంలో పంపారు, అప్పుడు వాళ్ళ రక్షణమంత్రి యాష్ కార్టర్ కూడా ఢిల్లీలోనే ఉన్నాడు. 2017లో ఒక్క పేరు తేలింది, ఫస్ట్ లెఫ్టినెంట్ రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్. ఊరు జార్జియాలో కాంకర్డ్. కొన్ని వందల మంది ఉండే ఊరు, మా ఇంటి నుంచి రెండు గంటల డ్రైవ్. ఆ జూన్‌లో అక్కడ పాతిపెట్టారు.

మా ఆఫీసులో ఆ వైపు నుంచి వచ్చే ఒకావిడ ఉండేది, అంత్యక్రియలకి వెళ్ళొచ్చింది. దారి పొడవునా జనం జెండాలు పట్టుకుని నిలబడ్డారట. వాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? అయినా వచ్చారు. ఒక ఆదివారం నేనూ మా అబ్బాయిని తీసుకుని ఆ ఊరు వెళ్ళొచ్చాను. ఏదో పెద్ద స్తూపం ఉంటుందనుకున్నాను, మామూలు పల్లెటూరి శ్మశానం. మావాడు ఫోన్లో మ్యాప్ తీసి అస్సాం నుంచి ఇక్కడికి ఎంత దూరమో కొలుస్తూ కూర్చున్నాడు.

మీరడిగిన ఓదార్పు సంగతి. మన ఇళ్ళల్లో మనిషి దొరక్కపోతే ఏం చేస్తాం? కొన్నాళ్ళు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ చేస్తాం. చట్టం కూడా ఏడేళ్ళు కబురు లేకపోతే పోయినట్టే లెక్క అంటుంది. మా మేనత్త మామగారు రంగూన్ నుంచి నడిచి వస్తూ దారిలో తప్పిపోయాడు. వాళ్ళింట్లో ఆ బొమ్మకి నిప్పు పెట్టింది ఎప్పుడో తెలుసా, పదకొండేళ్ళకి. అప్పటిదాకా వాళ్ళ అత్తగారు బొట్టు తీయనివ్వలేదు. ఆ ఇల్లు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఖర్చు లెక్కలు నోటికి రావట్లేదు.

ల్యాబ్‌కోటు

నేను హైదరాబాద్‌లో డీఎన్ఏ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు చేశాను. సివిల్ గారు అడిగిన ‘అయ్యే పనేనా’ అన్నదానికి జవాబు అవును, కానీ సినిమాల్లోలా కాదు. ఎముక మెషిన్లో పెడితే పేరు రాదు. ముందు పేర్ల జాబితా ఉండాలి, తర్వాత ఎముక.

ఇలా చూడండి. విమానంలో ఎనిమిది మంది ఎక్కారని కాగితం ఉంది. ఇక మా ముందున్న ప్రశ్న ‘లోకంలో ఇది ఎవరు’ అని కాదు, ‘ఈ ఎనిమిది మందిలో ఎవరు’ అని. అందుకే ఫిట్టర్ గారు ఇంజిన్ నంబరు కోసం అంత పట్టుబట్టేది.

కొండమీద పని మొత్తం పురావస్తు తవ్వకంలాగే ఉంటుంది. నేల మీద తాళ్ళతో గళ్ళు కట్టి, ఒక్కో గడి మట్టి బకెట్లలో ఎత్తి, పావు అంగుళం కన్నున్న జల్లెడలో వేసి చేత్తో వెతుకుతారు. బకెట్ తర్వాత బకెట్, రోజుల తరబడి. ఎక్కువగా వచ్చేది రాళ్ళు, వేళ్ళు, కరిగి గడ్డకట్టిన అల్యూమినియం. ఒక్క పన్ను వస్తే ఆ రోజుకి పండగే. అరుణాచల్‌లో వాన ఎక్కువ, మట్టిలో ఆమ్లం ఎక్కువ, ఎముకని తినేస్తుంది. పళ్ళు నిలబడతాయి, పైగా సైన్యంలో చేరేటప్పుడు పళ్ళ చార్టు రాసుకునేవారు, ఏ పన్నుకి ఏ సిమెంటు పెట్టారో సహా. కొరియా యుద్ధానికి పోయినవాళ్ళకైతే టీబీ ఉందేమోనని తీసిన ఛాతీ ఎక్స్‌రేలు దాచి ఉంచారు, మెడ కింద కంటె ఎముక ఆకారం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఆ పాత ఫిల్ముతో పోల్చి పేర్లు చెప్తున్నారు. డీఎన్ఏ లేకుండానే!

డీఎన్ఏకి వస్తే, పాత ఎముకలో మామూలు డీఎన్ఏ ముక్కలు ముక్కలైపోతుంది. కణంలో అది రెండు కాపీలే ఉంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో ఉండేది మాత్రం వందలు, వేల కాపీలు, ఎక్కడో ఒకటి మిగులుతుంది. అది అమ్మ నుంచే పిల్లలకి వస్తుంది, నాన్న నుంచి రాదు. అందుకే పోయినవాడి సొంత కొడుకు వచ్చి నోరు తెరిచి బుగ్గ లోపల దూదిపుల్లతో శాంపిల్ ఇస్తానన్నా ఈ పరీక్షకి పనికిరాడు. అక్క కొడుకు, చెల్లెలి కూతురు, పెద్దమ్మ కూతురి బిడ్డలు, వీళ్ళు పనికొస్తారు. కొడుకు, తమ్ముడు, తమ్ముడి కొడుకు అయితే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ పరీక్షకి పనికొస్తారు, అది వేరే.

ఇక్కడ మనవాళ్ళ ప్రత్యేకత ఒకటి. అమెరికా పుస్తకాల్లో కొడుకు పనికిరాడు అని గీత గీసేస్తారు. కానీ మన ఇళ్ళల్లో అక్క కూతుర్ని చేసుకునే అలవాటు ఉంది కదా. అప్పుడు భార్యది అక్క డీఎన్ఏ, అక్కది అమ్మ డీఎన్ఏ, అంటే పిల్లలకి తల్లి వైపు నుంచి వచ్చేది కూడా అచ్చం తండ్రిదే! ఆ కొడుకు బ్రహ్మాండంగా పనికొస్తాడు. మేనమామ కూతుర్ని చేసుకుంటే మాత్రం కుదరదు, ఆవిడది వాళ్ళమ్మ వైపుది. మా ల్యాబ్‌లో వంశవృక్షం గీసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ‘మేనరికమా?’ అనే. ఉత్తరాది నుంచి వచ్చిన కొలీగ్స్ నవ్వేవారు, తర్వాత వాళ్ళూ అడగడం మొదలుపెట్టారు.

ఇక మీ బ్యాగులో బిళ్ళ గురించి. కాగితం, వస్తువు చేతులు మారితే ఏమవుతుందో ఒక కథ ఉంది, చెప్తాను. 1972 మే 11న వియత్నాంలో ఆన్ లాక్ దగ్గర మైకేల్ బ్లాసీ అనే ఇరవై నాలుగేళ్ళ పైలట్ విమానం కూల్చేశారు. అయిదారు నెలలకి దక్షిణ వియత్నాం సైనికులు అక్కడికి వెళ్ళి ఆరు ఎముకలు, పారాచూట్ ముక్కలు, ఐడీ కార్డు తెచ్చారు. కార్డు మీద పేరు ఉంది, ఇంకేం కావాలి? కానీ ఆ కార్డు దారిలో ఎక్కడో మాయమైంది. కొన్నాళ్ళు ‘బ్లాసీ అయ్యుండొచ్చు’ అని చీటీ ఉండేది. 1980లో ఎముకల కొలతలు తీసి, వయసు, ఎత్తు కలవట్లేదని చెప్పి ఆ చీటీ పీకేసి ఎక్స్-26 అని పెట్టారు. 1984లో ఆ ఆరు ఎముకలనే వియత్నాం యుద్ధపు అజ్ఞాత సైనికుడని ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ప్రెసిడెంట్ రీగన్ చేతుల మీదుగా సమాధి చేశారు. ఇంట్లోవాళ్ళకి తెలియదు, తమవాడు దేశం మొత్తం దండం పెట్టే చోట ఉన్నాడని. 1998లో సమాధి తెరిచి, తల్లి వైపు మైటోకాండ్రియా పోల్చి చూస్తే బ్లాసీయే. సెయింట్ లూయిస్‌కి తీసుకెళ్ళి సొంత పేరుతో పాతారు. ఆర్లింగ్టన్‌లో వియత్నాం గది అప్పటి నుంచి ఖాళీగానే ఉంది.

కార్డు పోవడం వల్ల ఇరవై ఆరేళ్ళు. అందుకే అంటున్నా, ఆ బిళ్ళని ఒక కవర్లో వేసి, తేదీ, ఎవరిచ్చారు, ఎక్కడ దొరికిందన్నారు అని రాసి పెట్టండి. పెద్దదైపోయింది, ఏమనుకోకండి.

సియాంగ్‌సివిల్

అయ్యో మేడమ్, మీరు చెప్పేదాకా అది టూత్‌పేస్ట్, షేవింగ్ సెట్ మధ్యలో పడి ఉంది. ఇప్పుడే తీసి కవర్లో వేశాను. పైకి వెళ్ళే ఆలోచన మానేశాను, మా ఇంట్లోవాళ్ళు ఈ పోస్టు చదివితే ఫిట్టర్ గారికి దండం పెడతారు. మరి చెప్పాల్సింది ఎవరికి?

మాజీ ఫిట్టర్

మీ జిల్లా డిప్యూటీ కమిషనర్‌కి, అంటే మన కలెక్టర్ లాంటి ఆయనకి, రాతపూర్వకంగా ఇవ్వండి, ఊరి గావ్ బుఢాని, అదే ఎర్ర కోటు వేసుకునే ఊరిపెద్దని, వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆయన లేకుండా బయటివాడు వెళ్ళి చెప్తే ఊరికి నచ్చదు, అది వాళ్ళ అడవి. రేకు తీసినందుకు భయపడాల్సింది లేదు, ఆ ప్రాంతంలో సగం ఊళ్ళల్లో ఏదో ఒక విమానం ముక్క కత్తి పిడిగానో గిన్నెగానో ఉంటుంది. పాసిఘాట్‌లో 2023లో ఈ హంప్ విమానాల మీద మ్యూజియమే పెట్టారు. అమెరికా వైపు ఈ పని చూసేది వాళ్ళ రక్షణశాఖలోని డీపీఏఏ, ఢిల్లీలో ఎంబసీ ద్వారా దానికి చేరుతుంది. గాంధీనగర్ ఫోరెన్సిక్ యూనివర్సిటీకి కూడా వాళ్ళతో ఒప్పందం ఉంది.

ఒకవేళ అది బ్రిటిష్ విమానమని తేలితే పద్ధతి వేరు. వాళ్ళు పోయినవాళ్ళని ఇంటికి తీసుకెళ్ళరు, పోయిన దేశంలోనే, దగ్గర్లో ఉన్న యుద్ధ శ్మశానంలో రాయి పెడతారు. దిగ్బోయ్, ఇంఫాల్, కోహిమాలో ఉన్నవి అవే.

సూటిగా

మరి మనవాళ్ళదని తేలితే? కాగితాలు, శాంపిళ్ళు ఎవరి దగ్గర ఉన్నాయి? అది చెప్పరేం.

మాజీ ఫిట్టర్

ఇది మంచి ప్రశ్న అడిగారు. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ వెళ్తూ మా రవాణా విమానం ఏఎన్-12 హిమాచల్‌లో రోహ్‌తాంగ్ కనుమ దగ్గర పోయింది, 102 మంది. 2003లో పర్వతారోహణకి వెళ్ళినవాళ్ళకి హిమానీనదంలో మొదటి శకలాలు కనబడ్డాయి. ఆ తర్వాత ఆర్మీలోని డోగ్రా స్కౌట్స్ వాళ్ళు పదే పదే ఎక్కారు. అయినా పదిమంది కూడా దొరకలేదు. 2024 సెప్టెంబరు ఆఖర్లో నలుగురు దొరికారు. అందులో కేరళ పత్తనంతిట్ట జిల్లా కుర్రాడు ఒకడు, ఆర్మీలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈలో క్రాఫ్ట్స్‌మన్, అంటే మన సికింద్రాబాద్ తిరుమలగిరి వాళ్ళ కోర్. పోయేనాటికి ఇరవై రెండేళ్ళు. 56 ఏళ్ళకి ఊరు చేరాడు. వాళ్ళ పేర్లు తేల్చింది ప్రధానంగా ఒంటి మీద దొరికిన కాగితాలే. మంచు దాచిపెట్టింది కాబట్టి జేబులో కాగితం నిలిచింది. సియాంగ్ అడవిలో కాగితం ఒక్క వానాకాలం కూడా నిలవదు.

గోపాలపట్నం

ఇన్నాళ్ళూ చదవడమే, రాయడం ఇదే మొదలు. మాది వైజాగ్, ఎన్ఏడీ (నేవీ ఆయుధాల డిపో) కొత్తరోడ్డుకి నడిచిపోయే దూరం. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది, అందులో ఎనిమిది మంది మా ఎన్ఏడీ ఉద్యోగులు. యుద్ధమూ కాదు, ఎనభై ఏళ్ళ నాటి మాటా కాదు. మా వీధి చివర టీకొట్టు దగ్గర ఆ నెలంతా ఒకటే మాట, ఏ ద్వీపంలోనైనా దిగి ఉంటారేమో అని. సెప్టెంబరులో ఇక లేనట్టే అని ప్రకటించారు. 2024 జనవరిలో చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, మనిషి లేకుండా నడిచే చిన్న జలాంతర్గామి తీసిన ఫొటోల్లో శకలాలు కనబడ్డాయి. ఏడున్నరేళ్ళు.

సూటిగా గారూ, ఆ వార్త వచ్చిన రోజు మా ఏరియాలో ఎవరూ ఖర్చు ఎంతయింది అని అడగలేదండి. ‘ఎక్కడ’ అని మాత్రం అడిగారు. మ్యాప్‌లో చుక్క చూపించమన్నారు.

సియాంగ్‌సివిల్

అప్‌డేట్ అడిగినవాళ్ళకి. నిన్న గావ్ బుఢా, కుర్రాడు, నేను ముగ్గురం జిల్లా ఆఫీసుకి వెళ్ళి కాగితం ఇచ్చాం. బిళ్ళ కూడా ఇచ్చేశాను, రసీదు తీసుకున్నాను. క్లర్కు ముందు ‘పాత ఇనుము ఒకటి’ అని రాశాడు, బతిమాలి ‘అంకెలున్న లోహపు బిళ్ళ’ అని మార్పించి, ఆ అంకెలు కూడా రాయించాను. ఫొటోలు ఫిట్టర్ గారికి విడిగా పంపాను. తొట్టి ఇవ్వడానికి కుర్రాడి నానమ్మ ఒప్పుకోలేదు, అడిగితే పందులు దేంట్లో తింటాయి అంది. ఫొటో తీసుకుని వదిలేశాను.

బిళ్ళ ఎక్కడ దొరికిందని తాతని అడిగాను. ఇంజిన్ పక్కన రాయి కింద అన్నాడు, ఎముకలు అక్కడ లేవట, ఇంకా కిందకి, వాగు వైపు. సిలిండర్లు గుర్తులేవన్నాడు. ఇంజిన్లు ఎన్ని అని అడిగితే రెండు వేళ్ళు చూపించాడు.

మాజీ ఫిట్టర్

రెండు కనబడ్డాయి అంటే రెండే ఉన్నాయని కాదు, మిగతావి లోయలోకి దొర్లిపోయి ఉండొచ్చు. కానీ రెండే అయితే డకోటా గానీ కమాండో గానీ అవ్వాలి. డకోటా అయితే మావాళ్ళు కూడా అయ్యుండొచ్చు. ఫొటో చూస్తున్నాను, మూడో అంకె సరిగ్గా పడలేదు, 8 లాగా ఉంది, 3 కూడా కావచ్చు. పక్క నుంచి టార్చ్ వేసి తీసిన ఫొటో ఇంకోటి ఏదైనా ఉందా?